బొహీమియన్ అంటే ఏ ఊరివాడు?

రెండేళ్ల క్రితం ఒక కవి సమగ్ర సంపుటం మీద వ్యాసం రాశాను. ఆయన పోయి చాలా కాలమైంది. నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు. పుస్తకం, దాని ముందుమాటలు, మిత్రులు రాసుకున్న జ్ఞాపకాలు, ఇంతే నా దగ్గరున్న సరంజామా. ఉద్యోగం మధ్యలో వదిలెయ్యడం, ఏ ఊళ్లోనూ రెండేళ్లు నిలవకపోవడం, చేతికొచ్చిన డబ్బు ఆ సాయంత్రమే అయిపోవడం - ఆ జ్ఞాపకాల్లో ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. అన్నిటినీ కలిపి "బొహీమియన్ జీవితం" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. రాసేటప్పుడు ఆ మాట దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. మెచ్చుకోలుగానే వాడాను.

వ్యాసం వచ్చిన వారానికి ఆయన కూతురు ఫోన్ చేశారు. ఎవరి దగ్గరో నంబర్ తీసుకున్నారట. "బాగా రాశారండీ. నాన్న కవితల్లో వాన గురించి మీరు చెప్పింది నాకెప్పుడూ తట్టలేదు" అన్నారు. కాస్త ఆగి, "ఆ బొహీమియన్ అంటే ఏంటండీ?" అని అడిగారు.

"స్వేచ్ఛగా బతికిన మనిషి అని. డబ్బూ దస్కం లెక్కచెయ్యని మనిషి" అన్నాను.

"నిజమేనండీ, నాన్న లెక్కచెయ్యలేదు. లెక్కలన్నీ అమ్మ చేసేది. పాల లెక్క, కిరాణా కొట్టు లెక్క, ఎవరి దగ్గర ఎంత తెచ్చామో ఆ లెక్క."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. ఆ మాట తీసెయ్యమని అడగలేదు కూడా. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అర్థం తెలియకుండా ఒక మాట వాడేశాననిపించింది. డిక్షనరీ అర్థం తెలుసు. కానీ ఆ మాట ఎక్కణ్ణుంచి బయల్దేరి, ఎవరెవరి మీదుగా నా వ్యాసంలోకి వచ్చిందో తెలీదు. అప్పుడు మొదలుపెట్టిన వెతుకులాట ఇది.

మొదట ఊరు. బొహీమియా అనేది ఒక నిజమైన ప్రాంతం. ఇవాళ్టి చెక్ రిపబ్లిక్‌లో పడమటి భాగం, ప్రాగ్ నగరం ఉన్న నేల. చుట్టూ కొండలు, మధ్యలో పల్లం. ఒకప్పుడు అక్కడ 'బోయీ' అనే కెల్టిక్ తెగ ఉండేది. వాళ్ల ఇల్లు అనే అర్థంలో రోమన్లు ఆ చోటుని 'బోయొహేముమ్' అన్నారు. బోయీలు వెళ్లిపోయారు. తర్వాత స్లావులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లు తమ నేలని 'చెహీ' అని పిలుచుకున్నారు, ఇప్పటికీ అలాగే పిలుచుకుంటారు. అంటే బొహీమియా అన్న పేరే వెళ్లిపోయిన వాళ్ల పేరు. ఆ నేల మీద బతుకుతున్నవాళ్లది కాదు.

రెండో అర్థం ఫ్రాన్సులో పుట్టింది. 15వ శతాబ్దంలో పశ్చిమ యూరప్‌లోకి కొన్ని సంచార బృందాలు వచ్చాయి. 1427లో అలాంటి ఒక బృందం పారిస్ చేరిందని ఆ కాలపు దినచర్య ఒకటి చెబుతుంది. ఆ బృందాల్లో కొందరి దగ్గర సిగిస్మండ్ రాజు ఇచ్చిన రక్షణ పత్రాలుండేవి. ఆయన హంగరీకీ బొహీమియాకీ రాజు. అందుకే వీళ్లని 'బొహేమియాఁ' అనడం మొదలైందని సాధారణంగా చెప్పే వివరణ. ఇంగ్లీషువాళ్లు ఇదే జనాన్ని ఈజిప్టు నుంచి వచ్చారనుకుని జిప్సీలన్నారు. రెండూ ఊరి పేర్లే, రెండూ తప్పే. వాళ్లు రోమా జనం. వాళ్ల భాషలో నీళ్లు 'పానీ', చెవి 'కాన్', ముక్కు 'నాఖ్', రెండు 'దుయ్', మనిషి 'మనుష్'. హైదరాబాద్ బస్‌స్టాప్‌లో నిలబడ్డ ఎవరికైనా అర్థమయ్యే మాటలు. వాళ్ల పూర్వీకులు భారతదేశం నుంచి వెళ్లారన్నది భాషాశాస్త్రం 18వ శతాబ్దం చివర్నుంచీ చెబుతున్నదే.

కొత్తగా వచ్చినదాన్ని చివరి మజిలీ పేరుతోనో, 'ఎక్కడో బయట' అనే పేరుతోనో పిలవడం మనకీ అలవాటే. సీమచింతకాయ మెక్సికో వైపు చెట్టు. రాయలసీమతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ 'సీమ'కి అర్థం విదేశం అని. ఇంగ్లీషులో అదే కాయకి మనీలా పేరు తగిలించారు. చెట్టుకైతే ఇబ్బంది లేదు. మనుషులకి ఇలాంటి పేరు అంటుకుంటే, పేరు పెట్టినవాడి ఊహలన్నీ దాంతోపాటు అంటుకుంటాయి. దొంగలు, జోస్యం చెప్పేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు. విక్టర్ హ్యూగో 1831 నవలలో ఎస్మెరాల్డా, మెరిమే 1845 కథలో కార్మెన్ - ఇద్దరూ ఈ అర్థంలోనే బొహేమియన్లు. ఇద్దరూ అందగత్తెలు, ఇద్దరూ నాట్యం చేస్తారు, ఇద్దరూ చివరికి చంపబడతారు. పైగా హ్యూగో కథలో ఎస్మెరాల్డా అసలు రోమా పిల్లే కాదని, పసితనంలో ఎత్తుకొచ్చిన ఫ్రెంచి పిల్ల అని తేలుతుంది. పాఠకుడు జాలిపడాల్సిన అమ్మాయిని మాత్రం ఆ జాతి నుంచి జాగ్రత్తగా బయటికి తీశాడన్నమాట.

మూడో అర్థం, అంటే నేను వ్యాసంలో వాడింది, ఈ రెండో అర్థం మీద కట్టిన మేడ. 1830ల నాటికి పారిస్‌లో డబ్బుల్లేని కుర్ర కవులు, చిత్రకారులు చవక గదుల్లో అద్దెకుండేవాళ్లు. స్థిరమైన కొలువు లేదు, ఇవాళ ఈ వీధి, రేపు ఆ వీధి. వాళ్లని సంచార జనంతో పోల్చి బొహీమియన్లన్నారు. ఆన్రీ మ్యుర్జే అనే ఆయన తన మిత్రుల బతుకుల్నే కథలుగా మలిచి 1840ల్లో ఒక చిన్న పత్రికలో రాశాడు. 1849లో అది నాటకమై విరగబడి ఆడింది, 1851లో పుస్తకమైంది. 1896లో పుచ్చీని దాన్ని 'లా బొహేమ్' ఒపేరాగా చేశాక ఆ మాట ప్రపంచమంతా తిరిగింది.

ఇక్కడ జరిగిన మార్పు చూడండి. రోమా జనానికి ఊరు లేకపోవడం తరిమివేతల వల్ల వచ్చింది. ఒక రాజ్యం కాకపోతే ఇంకో రాజ్యం వాళ్లని వెళ్లగొడుతూనే ఉంది. పారిస్ కుర్రాళ్లకి అదే నిలకడలేనితనం ఒక ఎంపిక, కనీసం ఎంపికలా కనిపించేది. ఒకరి గతి ఇంకొకరికి స్టయిల్ అయింది. అప్పు తెచ్చుకున్నవాళ్లు పేరొక్కటే తీసుకున్నారు, దాని వెనకున్న దెబ్బల్ని తీసుకోలేదు.

మ్యుర్జే ఈ విషయంలో తన అభిమానుల కంటే నిజాయితీపరుడు. తన ముందుమాటలోనే ఈ దారి మూడు చోట్లకి పోతుందని హెచ్చరించాడు: అకాడమీకి, ధర్మాసుపత్రికి, శవాల గదికి. ఆయన పుస్తకం చివర్న నలుగురు మిత్రులూ గట్టెక్కుతారు. కవి రొడాల్ఫ్ పుస్తకానికి పేరొస్తుంది, మార్సెల్ బొమ్మ ప్రదర్శనకెక్కుతుంది, సంగీతకారుడూ తత్వవేత్తా కూడా కుదురుకుంటారు. మిమీ మాత్రం క్షయతో ఆసుపత్రిలో పోతుంది. ఆమె చనిపోయిందని ముందే తప్పుడు కబురు అందడంతో రొడాల్ఫ్ ఆమెని చూడ్డానికి వెళ్లడు. ఆమె అప్పటికింకా బతికే ఉంది, వేరే వార్డుకి మార్చారంతే. నిజం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పుచ్చీని ఒపేరాలో ఆమె ప్రియుడి గదిలో, మిత్రులందరి మధ్యా కన్నుమూస్తుంది. సంగీతం మనల్ని ఏడిపిస్తుంది, ఇంటికి తృప్తిగా వెళతాం. మ్యుర్జే రాసిన ఆ తప్పిపోయిన ఆసుపత్రి పరామర్శ ఒపేరాలో లేదు. మగవాళ్లకి బొహీమియా ఒక వయసు, దాటిపోతారు. మిమీకి దాటడానికి అవతలి ఒడ్డంటూ లేదు. ఇది చదువుతున్నప్పుడు ఫోన్లో విన్న "లెక్కలన్నీ అమ్మ చేసేది" మళ్లీ చెవిలో పడింది.

ఆ తర్వాత ఈ మాట ఎవరి చేతిలో పడితే వాళ్ల పని చేసిపెట్టింది. 1852లో మార్క్స్, లూయీ బోనపార్ట్ వెనక చేరిన అలగా మందని ఏకరువు పెడుతూ, వీళ్లనే ఫ్రెంచివాళ్లు బొహేమ్ అంటారని రాశాడు. ఆయన చేతిలో అది తిట్టు. రాజ్యాన్ని ధిక్కరించేవాళ్లు కాదు, పైసలిస్తే నియంతకి జై కొట్టేవాళ్లు. 1891లో కోనన్ డాయిల్ 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' కథలో రెండర్థాలూ ఒకేచోట పెట్టాడు. మొదటి పేరాల్లోనే హోమ్స్‌ది సంఘాన్ని భరించలేని బొహీమియన్ ఆత్మ అంటాడు వాట్సన్. కాసేపటికి ముసుగేసుకుని గదిలోకి వచ్చేది సాక్షాత్తూ బొహీమియా రాజు. పెళ్లి చెడకుండా పాత ప్రేయసి దగ్గరున్న ఫోటో తెప్పించుకోవాలని ఆయన తాపత్రయం. పరువు కోసం వణికిపోతున్నవాడు ఊరి ప్రకారం బొహీమియన్. దేన్నీ లెక్కచెయ్యనివాడు స్వభావం ప్రకారం బొహీమియన్. ఈ తమాషాని డాయిల్ కావాలని పెట్టాడా లేదా అన్నది పక్కన పెడదాం. మాట అప్పటికే ఊరి నుంచి ఎంత దూరం వచ్చేసిందో ఆ గదిలో కనిపిస్తుంది.

ఇంకా దూరం పోయింది. 1872లో శాన్ ఫ్రాన్సిస్కోలో పత్రికల వాళ్లు కలిసి బొహీమియన్ క్లబ్ పెట్టుకున్నారు. కాలక్రమంలో అది పెద్ద వ్యాపారుల, రాజకీయ నాయకుల క్లబ్బయింది. నిక్సన్, రీగన్ దాని సభ్యులు. 2000లో డేవిడ్ బ్రూక్స్ బూర్జువానీ బొహీమియన్‌నీ కలిపి 'బోబో' అన్నాడు. మంచి జీతం, కాస్త తిరుగుబాటు వాసన వచ్చే అభిరుచులు. అంటే నేను. మొన్న కర్టెన్ల కోసం ఫోన్లో వెతుకుతుంటే రంగు, సైజు పక్కన 'బోహో' అని ఒక ఫిల్టర్ కనిపించింది. కుచ్చులు, అద్దాలు, మట్టిరంగులు. నొక్కితే నలభై శాతం తగ్గింపు. ఊరు, జాతి, పేదరికం, కళ అన్నీ వడగట్టగా చివరికి కుచ్చులు మిగిలాయి.

ఇంతకీ అసలు బొహీమియాలో పుట్టినవాళ్ల సంగతి? చెక్ భాషలో ఆ నేల మనిషి 'చెఖ్'. కళాకారుడి అర్థంలో బొహీమియన్ అనాలంటే ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న 'బొహేమ్' అనే వేరే మాట వాడతారు. సొంత ఊరి పేరే విదేశం వెళ్లి, వేషం మార్చుకుని తిరిగొస్తే, ఇంటివాళ్లు దాన్ని అతిథి కిందే లెక్కేశారు.

ఆ ఊళ్లో 1883లో ఇద్దరు రచయితలు పుట్టారు. యారొస్లావ్ హషెక్ ఏప్రిల్‌లో, ఫ్రాంజ్ కాఫ్కా జూలైలో. ఇద్దరూ ప్రాగ్ వాళ్లే. ఒకరు చెక్‌లో రాశారు, ఒకరు జర్మన్‌లో. ఇద్దరూ 41 దాటలేదు. హషెక్ అన్ని అర్థాల్లోనూ బొహీమియన్. బ్యాంకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. జంతువుల పత్రికకి సంపాదకుడైతే లేని జంతువుల్ని కల్పించి వాటి మీద వ్యాసాలు వేశాడు, ఆ ఉద్యోగమూ పోయింది. 1911లో 'చట్టం హద్దుల్లో మితమైన ప్రగతి' కోసం అంటూ ఒక ఉత్తుత్తి పార్టీ పెట్టి ఎన్నికల ఉపన్యాసాలిచ్చాడు. భార్య యార్మిలానీ, కొడుకునీ వదిలి వెళ్లాడు. 'ష్వేక్' నవలని పూర్తి చెయ్యకుండానే 1923 జనవరిలో పోయాడు. కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ఒకే సంస్థలో పనిచేశాడు. దాని పేరు 'బొహీమియా రాజ్యపు కార్మికుల ప్రమాద బీమా సంస్థ'. పగలు ఆఫీసు, రాత్రి రాత. చెక్కని చిత్రికపట్టే యంత్రాల్లో కూలీల వేళ్లు తెగకుండా ఏం చెయ్యాలో బొమ్మలతో సహా నివేదిక రాసింది కూడా ఆయనే.

బొహీమియా పేరు అచ్చంగా తన ఆఫీసు బోర్డు మీదే ఉన్నా, కాఫ్కాని ఎవరూ బొహీమియన్ అనరు. ఇక్కడ నాకు ఒక ప్రలోభం ఉంది, ఒప్పుకుంటాను. జీతగాడిగా నాకు కాఫ్కా వైపు మొగ్గాలనిపిస్తుంది. మన దగ్గరా అలాంటి జాబితా చెయ్యొచ్చు. గురజాడ విజయనగరం సంస్థానంలో కొలువు చేశారు. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరు. ఇస్మాయిల్ కాకినాడలో ఫిలాసఫీ పాఠాలు చెప్పారు. అంతెందుకు, సంసారాల పునాదులు కదిలించిన చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. చూశారా, ఉద్యోగస్తులే అసలు రచయితలు అని ముగించెయ్యొచ్చు. కానీ అది ఆ పాత తప్పునే తిరగేసి చెయ్యడం. కాఫ్కాకి ఆఫీసంటే సుఖం లేదు, రాత్రుళ్లు అరగదీసుకుని రాశాడు. హషెక్ చివరి రోజుల్లో మంచం మీద నుంచే ష్వేక్‌ని డిక్టేట్ చేశాడు. అది సోమరితనం కాదు. జీవన విధానం నుంచి రచనకి సూటిగా గీత గియ్యలేం. గియ్యొచ్చని మనల్ని నమ్మించడమే బొహీమియన్ అనే మాట చేసే పని.

ఆ నేలే ఇంకో మాట కూడా ఇచ్చింది. బొహీమియా ఉత్తరపు కొండల్లో యాఖిమొవ్ అని ఊరుంది. జర్మన్‌లో యోఖిమ్స్‌టాల్, అంటే యోఖిమ్ లోయ. 16వ శతాబ్దంలో అక్కడ వెండి దొరికింది, 1520 ప్రాంతంలో పెద్ద వెండి నాణేలు వేశారు. వాటిని 'యోఖిమ్స్‌టాలర్' అనేవాళ్లు. పొడుగ్గా ఉందని 'టాలర్' అన్నారు. అది డచ్చివాళ్ల నోట్లో 'డాల్డర్' అయి, ఇంగ్లీషులో డాలర్ అయింది. డబ్బుని లెక్కచెయ్యనివాడి పేరూ, లోకమంతా లెక్కపెట్టే డబ్బు పేరూ ఒకే నేల మీద నుంచి వచ్చాయి. అమెరికా క్లయింటు పొద్దు ప్రకారం రాత్రి పదింటికి మీటింగులో కూర్చునే నాకు ఇది కొంచెం ఎక్కువగానే తగిలింది. నేను రెండో మాట తింటూ మొదటి మాటని ఆరాధిస్తున్నాను. ఆ కవిని బొహీమియన్ అన్నది నిజానికి ఆయన గురించి కాదేమో. నేను చెయ్యలేని పనిని ఎవరో ఒకరు చేశారన్న ఊరట అది.

మా పనిలో ఒక చేదు అనుభవం అందరికీ ఉంటుంది. ఎవరో ఒక వేరియబుల్‌కి తొందరలో తప్పు పేరు పెడతారు. ప్రోగ్రాం నడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తర్వాత వచ్చినవాళ్లు ఆ పేరు నమ్మి, దాని మీద ఇంకా రాస్తారు. లోపల నిజంగా ఏముందో చూడ్డానికి ఎవరూ తెరవరు. బొహీమియన్ అలాంటి పేరు. వెళ్లిపోయిన తెగ, తప్పుగా పిలవబడ్డ జనం, ఆసుపత్రిలో పోయిన అమ్మాయి - ఎవరూ తెరిచి చూడకుండానే ఆ మాట చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేనూ తెరవలేదు.

దానివల్ల నాకు విమర్శకుడిగా జరిగిన నష్టం ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ సంపుటంలో ఒక చిన్న కవిత ఉంది. అర్ధరాత్రి ఇంటికొచ్చిన మనిషికి వంటింట్లో దీపం వెలుగుతూ కనిపిస్తుంది. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు, లోపలికి వెళ్లడు. దాన్ని నేను కవి ఏకాంతానికీ, అందని కవిత్వానికీ ప్రతీక చేసి రెండు పేరాలు రాశాను. బొహీమియన్ అనేశాక ఆ దీపం ప్రతీక కాక ఇంకేమవుతుంది? ఫోన్ వచ్చాక మళ్లీ చదివాను. వంటింట్లో దీపం ఎవరో మేలుకుని ఉంటేనే వెలుగుతుంది. అక్కడ ఒకావిడ కూర్చుని లెక్కలు చూసుకుంటోంది. అతను లోపలికి వెళ్లకపోవడానికి కారణం సిగ్గు. కవికి ఆ సంగతి తెలుసు, రాశాడు కూడా. కనపడనిది నాకు. నేను పొగడ్తగా తగిలించిన మాట, ఆయన తన మీద తాను చెప్పుకున్న సాక్ష్యాన్ని కప్పేసింది.

ఈమధ్య నా వ్యాసాలు పుస్తకంగా వెయ్యడానికి సర్దుతూ ఆ వాక్యం మార్చాను. "బొహీమియన్ జీవితం" తీసేసి, ఆయన ఉద్యోగం మానేశాక ఇల్లు ఆయన భార్య నడిపారని, అప్పడాలు ఒత్తి అమ్మేవారని, ఆయన కవితలు చాలావరకు ఆ ఏళ్లలోనే వచ్చాయని రాశాను. ఇదివరకటి కంటే వాక్యం పొడుగైంది, అందం తగ్గింది. అచ్చుకిచ్చే ముందు వాళ్లమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"అప్పడాలొక్కటే కాదండీ, సాయంత్రం పిల్లలకి ప్రైవేట్లు కూడా చెప్పేది. అదీ రాయండి" అన్నారు.

రాశాను.